ఖాళీ నిర్మూలన

మనిషి ఖాళీగా కూర్చుంటే సోమరితనం, నేల ఖాళీగా పడి ఉంటే రాజద్రోహం. ఈ సత్యాన్ని మొట్టమొదట కనిపెట్టిన ఘనత మా ఊరి ఖాళీ స్థలాల నిర్మూలన శాఖదే. (ఆ శాఖకు పూర్వనామం ఖాళీ స్థలాల పరిరక్షణ శాఖ. పరిరక్షించడానికి సిబ్బంది చాలరని తేలడంతో, ఉన్న సిబ్బందితో అయ్యే పనికి తగ్గట్టు పేరు మార్చారు.)

ఆ శాఖ కంట్లో పడేనాటికి మా వీధి చివరి మైదానం ఏ పాపమూ ఎరగదు. పొద్దున్నే మా మేనత్త అక్కడ నడిచేది. ఆమెకు మోకాలు మార్చిన డాక్టరు, "నడిస్తే కాలు మీ మాట వింటుంది, కూర్చుంటే మీరే కాలి మాట వినాలి" అని చెప్పి పంపాడు. ఆమె ఉండే వాటాలో ఎటు నడవబోయినా గోడ ఎదురొస్తుంది. అందుకని మైదానం. ఆమె నడక అయ్యేసరికి క్లచ్ మాస్టారు తన పాత కారుతో దిగేవాడు. డ్రైవింగ్ నేర్పే ఆయన్ని అసలు పేరుతో పిలవడం ఆయన భార్య కూడా మానేసింది. శిష్యులు ముందుకు పోనివ్వబోయి వెనక్కీ, ఆపబోయి ముందుకూ పోనిస్తుంటే, పిల్లలు తమ ఆటను కాస్త పక్కకు జరుపుకునేవారు. ఇన్నేళ్ళలో ఆ కారు దేనికీ గుద్దుకోలేదు, గుద్దుకోవడానికి అక్కడ ఏమీ లేదు గనక.

ఒకనాడు అక్కడ బోర్డు వెలిసింది. "ఇచ్చట బహిరంగ స్థలాల ప్రాముఖ్యతను చాటిచెప్పు ఐదంతస్తుల భవనము నిర్మించబడును." బోర్డు పక్కనే శాఖాధికారి టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు. మెత్తని మనిషి. చీమకైనా నోటీసు ఇవ్వకుండా కాలు కింద పెట్టరు.

"ఏం కొలుస్తున్నావు నాయనా?" అంది మేనత్త.

"ఇక్కడ ఏమీ లేదు కదమ్మా. అది ఎంతుందో కొలుస్తున్నాం."

"లేకపోవడమేంటి? ఖాళీ ఉందిగా."

"ఖాళీ ఉందంటే ఏమీ లేదనేగా అమ్మా."

"మా ఇంట్లో అన్నీ ఉన్నాయి బాబూ, అదొక్కటే లేదు. అందుకే ఇక్కడికొస్తున్నా."

అధికారి సానుభూతితో తల ఊపి, టేపు చివర ఆమె చేతికిచ్చి కాస్త పట్టుకోమన్నారు. ఎవరేం పట్టుకోమన్నా పట్టుకునే అలవాటు కొద్దీ ఆమె పట్టుకుంది. (కొలత చాలా ఖచ్చితంగా వచ్చిందని తర్వాత ఆయన నలుగురిలో మెచ్చుకున్నారు.)

ప్రజలకు అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉంది. నిబంధనల ప్రకారం దాన్ని శాఖ కార్యాలయానికి స్వయంగా వచ్చి, కూర్చుని చెప్పాలి. నిలబడి చెబితే అది గొడవ కిందికి వస్తుంది. కార్యాలయంలో ఉన్నవి నాలుగే కుర్చీలు, వాటిలో ఒకటి కాలు విరిగి దీర్ఘకాలిక సెలవులో ఉంది. ఇలాంటి చోట జనబలం చూపించాల్సిందేనని మేం తీర్మానించుకున్నాం. క్లచ్ మాస్టారు పాత శిష్యులందరికీ కబురు పెట్టాడు. మేనత్త బంధువుల్ని పిలిచింది, బంధువులు తమ వియ్యాలవారిని పిలిచారు. ఆ రోజు కార్యాలయం మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. గుమాస్తా భోజనానికి కిందికి దిగే దారి లేక, మా వాళ్ళు తెచ్చుకున్న డబ్బాలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంతమందిని ఎక్కడ కూర్చోబెట్టనండీ?" అన్నారు అధికారి, నిజంగానే బాధపడుతూ.

క్లచ్ మాస్టారి మొహం వెలిగింది. "మైదానం ఉంది కద సార్. అక్కడ ఎంతమందైనా పడతారు."

చేప తనంతట తానే వచ్చి వలలో పడిందనుకున్నాం. మైదానం తన సాక్ష్యం తానే చెప్పుకుంటుందని మేనత్త మురిసిపోయింది. "మంచి ఆలోచన మాస్టారూ," అంటూ అధికారి ఆయనతో చేయి కలిపారు.

మర్నాడు వీధి వీధంతా మైదానంలో నేల మీద కూర్చుని అభ్యంతరం చెప్పింది. ఎండ మాడు పగలగొడుతోంది. గాలి మైకును మాట్లాడనివ్వలేదు, దుమ్ము మమ్మల్ని మాట్లాడనివ్వలేదు. అయినా మేనత్త వంతు వచ్చేసరికి అందరూ చెవులు రిక్కించారు.

"ఈ కాలు నాది కాదు బాబూ, డాక్టరు పెట్టింది. ఇక్కడ నడిచీ నడిచీ దీన్ని నా కాలు చేసుకున్నాను. ఈ నేల తీసేస్తే ఇది మళ్ళీ పరాయిదైపోతుంది."

చెబుతూ చెబుతూ ఆమె తూలింది. అధికారి చటుక్కున లేచి తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు తాగించారు. ఆయన కళ్ళు చెమర్చడం ముందు వరసలోని వాళ్ళు స్పష్టంగా చూశారు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన కళ్ళు తుడుచుకుని గుమాస్తా వైపు తిరిగారు.

"రాసుకో. ప్రజల కష్టం కళ్ళారా చూశాను. పెద్దవాళ్ళకు కుర్చీ లేదు. నీడ లేదు. గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేవు. అభ్యంతరం చెప్పుకోవడానికైనా తల మీద కప్పు లేని దుస్థితి. ఇంత జనం ఉన్న చోట ఒక్క హాలు లేకపోవడం మన శాఖకే తలవంపులు. ఐదంతస్తులు చాలవు. ఏడు చెయ్యి."

చప్పట్ల కోసం ఎత్తిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. క్లచ్ మాస్టారు మెల్లిగా లేచాడు.

"సార్, మేం అసలు రాకపోయుంటే?"

"ఎవరికీ అభ్యంతరం లేదని ఐదే కట్టేవాళ్ళం మాస్టారూ," అన్నారు అధికారి ఆప్యాయంగా. "మీ కృషి ఊరికే పోలేదు."

భవనం లేచింది. శాఖ ఎవరినీ మరిచిపోలేదు. క్లచ్ మాస్టారికి రెండో అంతస్తులో ఒక గది ఇచ్చారు. కారు మెట్లెక్కదు కాబట్టి శిష్యులు కుర్చీల్లో కూర్చుని, చేతిలో తలా ఒక స్టీరింగుతో, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ గేర్లు మారుస్తారు. అందరూ మొదటిసారికే పరీక్ష గట్టెక్కుతున్నారు. మాస్టారు మాత్రం ఈమధ్య రోడ్డు దాటేముందు అటూ ఇటూ చాలాసేపు చూసుకుంటున్నాడు.

మేనత్తకు ఐదో అంతస్తులో నడక వరండా కేటాయించారు. లిఫ్టు సిద్ధంగానే ఉంది గానీ, దాన్ని ప్రారంభించాల్సిన పెద్దమనిషికి తీరిక కుదరడం లేదు. ఆమె కొన్నాళ్ళు ఇంట్లోనే భోజనాల బల్ల చుట్టూ తిరిగింది. ఆ తర్వాత బల్ల ముందు కూర్చుండిపోయింది. మొన్న వెళ్ళి కాలెలా ఉందని అడిగాను.

"డాక్టరుదే అయిపోయిందిరా," అంది, దాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరుపుకుంటూ.

ఇక కింది అంతస్తులో అభ్యంతరాల హాలు. వంక పెట్టడానికి లేదు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, కూజాల్లో చల్లటి నీళ్ళుంటాయి. అధికారి నెలనెలా వచ్చి సాయంత్రం దాకా ఎదురుచూసినా ఒక్కరూ రావడం లేదు. ఆయన నొచ్చుకుని విచారణ జరిపిస్తే, బళ్ళు నిలుపుకోవడానికి చోటు లేకనే జనం రావడం లేదని తేలింది. శాఖ ఆలస్యం చేయలేదు. పక్క వీధిలో బడి వెనక ఆటస్థలం ఒకటుంది. పిల్లలంతా లోపల పాఠాలు వింటున్న వేళ అధికారి స్వయంగా వెళ్ళి చూసి, ఎంత చోటు వృథా అయిపోతోందోనని బాధపడుతూ తిరిగొచ్చారు.