మంత్రిగారు మాన్పిన నోరు

ఈ ఏడాది చివరికల్లా బల్గేరియాలో కీళ్లవాతం ఉన్న ఏ ఒక్కరి నోట్లోనూ పుండన్నది మిగలదని ఆరోగ్యమంత్రి వెసెలిన్‌గారు టీవీలో ప్రకటించారు. అంత ధీమాగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. ఆదివారం చర్చిలో ఆయన పేర ఒక కొవ్వొత్తి వెలిగించాను.

మా ఆవిడ జ్లాటీనాకు కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. కొద్దిరోజులుగా నోరంతా పుళ్లు. చల్లటి పెరుగు కూడా మింగలేకపోతోంది. మా ఊళ్లో కొత్తగా కట్టిన నోటిపుళ్ల కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ నెదియాల్కా లైటు వేసి చూసింది.

"కీళ్లకు వారానికోసారి వేసుకునే మాత్ర ఉందే, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా అమ్మా?"

"మందుల షాపులో అది రావడంలేదమ్మా."

"ఈ పుళ్లు జబ్బువి కావు, ఫోలిక్ యాసిడ్ తోడు లేని ఆ మాత్రవి అనిపిస్తోంది. దాన్ని ఆపెయ్యండి. రక్తకణాలు పడిపోయాయేమో ఇవాళే చూడాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

రక్తపరీక్ష గదికి రిబ్బను కట్టి ఉంది. పార్టీ కార్యదర్శి గాంచో కాపలా ఉన్నాడు.

"కిందనుంచి దూరిపోతాం నాయనా," అన్నాను.

"మంత్రిగారు ప్రారంభించని గదిలోకి రోగమా బాబాయ్? అరిష్టం. పిన్నీ, సమయానికొచ్చావు. మంత్రిగారికి రొట్టె, కారం ఉప్పు నువ్వే అందించు. నయమైన రోగిగా."

"నాకింకా తగ్గలేదురా."

"ఆయనొచ్చేలోగా తగ్గుతుందిలే."

మంత్రిగారు వచ్చారు. అతిథి రొట్టె తుంచి కారం ఉప్పులో అద్దుకుని తినడం మా ఆచారం. ఆయన ఎంత దయామయుడంటే, మొదటి ముక్క మా ఆవిడ నోట్లోనే పెట్టారు. ఆమె కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

"ఆనందబాష్పాలు," అన్నారు కెమెరాల వైపు తిరిగి.

రిబ్బను తెగింది. మేం గదిలో అడుగు పెట్టబోతే గాంచో మళ్లీ అడ్డం వచ్చాడు.

"నయమైందని దేశమంతా చూసింది పిన్నీ. ఇప్పుడు నీకు పరీక్షేమిటి? మంత్రిగారి మాటేం కాను?"

అతను విందుకు వెళ్లాక డాక్టరమ్మ సూది తీసింది.

"మీ పేరు రాస్తాను బాబాయ్‌గారూ. రక్తం ఆవిడది."

"అబద్ధం కాదూ తల్లీ?"

"దేవుడికి మీ ఇద్దరి పేర్లూ తెలుసు."

రక్తకణాలు బాగా పడిపోయాయి. నా పేర ఇంజెక్షన్లు వచ్చాయి, ఫోలిక్ యాసిడూ వచ్చింది. జ్లాటీనా మెల్లగా తినసాగింది.

తర్వాత నా పేరున్న కాగితాలు చూసి రాజధాని సోఫియా నుంచి నిపుణుల సంఘం దిగింది. భార్యకు నయమైన రోజే భర్తకు కీళ్లవాతం అంటుకోవడం వాళ్లెక్కడా వినలేదట. నా వేళ్లు వంచి చూశారు. నోరు తెరిపించి చాలాసేపు చూశారు. ఒక్క పుండూ లేదు.

"ఈయనకూ నయం చేశాం," అని టీవీవాళ్లకు చెప్పి, మా ఇంట్లోనే భోంచేసి వెళ్లారు.