గోడ మొత్తం పోయిందమ్మా!

సర్వే ఆఫీసులో పటాలు గీసే ఆయనను అందరూ స్కేలుగారు అంటారు. ఆయన గీసిన గీత వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు. ఆ ఆదివారం పొద్దున ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. నర్సుగా పనిచేసే భార్య ఆస్పత్రి నుంచి వచ్చేలోగా, ఆవిడ ముచ్చటపడి కొన్న పెద్ద డబ్బాలోని చిక్కటి ఎరుపు రంగును ముందుగదిలో ఉన్న పాత స్టూలుకు వేయాలి. పన్నెండింటికి ఇల్లుగలావిడ వస్తుంది. అద్దె ఒప్పందం ఇంకో మూడేళ్లు పొడిగించిందా సరే, లేదంటే సామాను సర్దుకోవాల్సిందే. గోడకు మేకు కొట్టినా ఊరుకునే మనిషి కాదావిడ.

డబ్బా మూత బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవరు దూర్చి ఒక్క పెట్టున ఎత్తేసరికి మూత ఎగిరింది, దానితోపాటు ఒక చుక్క కూడా. ఆ చుక్క వెళ్లి మీగడరంగు గోడకు సరిగ్గా నడిమధ్యన వాలింది.

"తడిగుడ్డతో తుడిచెయ్ బాబూ," అన్నారు మామగారు పేపరులోంచి తల ఎత్తకుండా. ఆయనకు చెవి మిషను ఉంది గానీ, అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

తుడిస్తే చుక్క అరచేయంత అయింది. కిరసనాయిలు పెట్టి రుద్దితే పళ్లెమంత అయింది. స్కేలుగారికి ముచ్చెమటలు పట్టాయి. ఇక దాచడం కుదరదు, కావాలని వేసినట్టు కనబడితే చాలనుకుని, మరక చుట్టూ పెన్సిలుతో చక్కటి చతురస్రం గీసి రంగు నింపారు. దూరం జరిగి చూస్తే చతురస్రం దివ్యంగా ఉంది, కిటికీయే దానికి సమంగా లేదు. కిటికీ దాకా పొడిగించారు. అప్పుడు తలుపువైపు బోసిగా కనబడింది. తలుపు దాకా వెళ్లాక, పైన మిగిలిన మూరెడు జాగా ఆయన ప్రాణం తీసింది. స్టూలెక్కారు. పదకొండున్నరయ్యేసరికి గోడంతా ఎరుపే.

ఫోను మోగింది. మామగారు ఎత్తి, ఊరంతా వినబడేలా అరిచారు.

"గోడ మొత్తం పోయిందమ్మా! పొద్దున ఒక్క చుక్కతో మొదలైంది. తుడిచినకొద్దీ పెరిగింది. పాపం, అల్లుడొక్కడే తంటాలు పడుతున్నాడు!"

"ఎవరు మామయ్యా?" స్కేలుగారు స్టూలు మీంచే అడిగారు. అడిగింది ఆయనకు వినబడేసరికి మూడోసారి అయింది.

"ఇల్లుగలావిడ. కంగారుపడకు, నేను సర్దిచెప్పాను."

పది నిమిషాలు తిరక్కుండానే ఇల్లుగలావిడ తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని పరుగున వచ్చింది. గుమ్మం బయటినుంచే మొదలుపెట్టింది.

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా బాబూ? ఆ గోడలో సిమెంటు తక్కువ పడిందని నాకు తెలుసు. కట్టేటప్పుడే మా ఆయనతో మొత్తుకున్నాను, వినలేదు. మీకు దణ్ణం పెడతాను, బయట ఎవరితోనూ అనకండి!"

అంటూనే లోపల అడుగుపెట్టింది. గోడ నిక్షేపంలా నిలబడి ఉంది.

"పడలేదా?" అంది నీరసంగా.

"లేదండీ. రంగు వేశాను," అన్నారు స్కేలుగారు నేల చూపులు చూస్తూ.

"సిమెంటు తక్కువా?" అన్నారు మామగారు. మిషను ఇంకా జేబులోనే ఉంది. "ఎంత తక్కువమ్మా?"

ఇల్లుగలావిడ మొహం కొత్త గోడతో పోటీపడింది. కూర్చోకుండానే ఒప్పందం మీద మూడు చోట్లా సంతకాలు చేసేసింది. "రంగు బాగుంది. చాలా బాగుంది," అని రెండుసార్లు అని, మేస్త్రీ కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

మేస్త్రీ మాత్రం కప్పూ గోడా కలిసేచోటికి తల ఎత్తి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఈ అంచు ఎవరు తీశారు సార్? టేపు అంటించారా?"

"లేదయ్యా, చేత్తోనే," అన్నారు స్కేలుగారు. పొద్దుట్నుంచీ ఆయన వెన్ను నిటారుగా అయింది అప్పుడే.

"మా వాళ్లకు టేపు వేసినా ఇంత బాగా రాదు సార్! వచ్చే ఆదివారం నాలుగు గదుల పని ఉంది, మీరొస్తారా?"

అప్పుడే భార్య గుమ్మంలోకి వచ్చింది. గోడను ఒకసారి, జుట్టు నుంచి మడమల దాకా ఎర్రబడిన మొగుణ్ణి ఒకసారి చూసింది.

ఆదివారం తనకు తీరదని చెప్పడానికి స్కేలుగారు గొంతు సవరించుకునేలోగా, ఎన్నింటికి పంపించాలో ఆవిడ మేస్త్రీని అడిగి తెలుసుకుంది.