ఒక చీటీకి ఒకే నొప్పి

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు బస్సు డ్రైవరుకు డిపోలో వైద్య పరీక్ష. ఐదేళ్లకొకసారి జరిగే ఆ పరీక్షలో నెగ్గితే స్టీరింగు చేతిలో ఉంటుంది, తప్పితే గ్యారేజీలో బస్సులు కడుక్కోవాలి. ఆ రెండోది తలుచుకుంటే అతనికి ముద్ద దిగడం లేదు. పైగా రెండు వారాలుగా ఒంట్లో తేడాగా ఉంది. మెడ పట్టేసింది, కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, కళ్లు లాగుతున్నాయి, చెవిలో గుయ్యిమంటోంది.

పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్లి ఒకసారి చూపించుకుని వస్తానని భార్యతో గుసగుసగా చెప్పాడు. గుసగుస ఎందుకంటే పక్క గదిలో మామగారున్నారు. ఆయన ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసి రిటైరైన గుమాస్తా. మామూలు మాటల కన్నా గుసగుసలే ఆయనకు బాగా వినబడతాయి.

ఐదు నిమిషాల్లో ఆయన చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఒక కాగితం మీద ఒకే విషయం ఉండాలన్నది ఆయన సర్వీసు మొత్తానికి మూలసూత్రం. రెండు విషయాలు కలిపి రాసిన అర్జీని ఆయన ఏనాడూ పైకి పంపలేదు. అల్లుడి నొప్పులకూ అదే పద్ధతి పెట్టారు. నాలుగు చీటీలు చింపి ఒక్కోదాని మీద ఒక్కో బాధ రాశారు.

"కంటి డాక్టరు దగ్గర కన్ను తప్ప మరో మాట ఎత్తకండి, అల్లుడుగారూ. చెవి సంగతి చెవి డాక్టరుకే చెప్పాలి. పక్క సెక్షను పని ముందు పెడితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. ఇక ఫైలు కదలదు."

"ఫైలు కాదండీ, మెడ."

"ఏదైనా కదలాలిగా" అన్నారు మామగారు.

ఆసుపత్రికి నాలుగంతస్తులు. లిఫ్టు పని చేయడం లేదు. మొదటి అంతస్తులో కంటి డాక్టరమ్మ, కన్ను లోపలి పొర చూడాలంటూ చుక్కలు వేసింది. వీటితో కనుపాపలు పెద్దవవుతాయనీ, సాయంత్రం దాకా చూపు మసకగా ఉంటుందనీ చెప్పి నల్ల కళ్లద్దాలు ఇచ్చింది. సాయంత్రమనగానే డ్రైవరు గుండె జారింది. పరీక్ష సంగతి అడగబోయాడు. మామగారు దగ్గారు. పరీక్ష కంటి విషయం కాదు. డాక్టరమ్మ కళ్లు బాగానే ఉన్నాయంది. ఒక చీటీ మీద టిక్కు పడింది.

రెండో అంతస్తు చెవి, ముక్కు, గొంతు డాక్టరుది. రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడిందని ఆయన మందు పోసి, దూది పెట్టి, మూడు రోజుల తర్వాత రమ్మన్నాడు. అప్పటినుంచి లోకం డ్రైవరుకు గోడ అవతల ఉన్నట్టు వినిపించసాగింది. రెండో చీటీ మీదా టిక్కు పడింది.

మూడో అంతస్తుకు ఎక్కుతూ అతను ఆఖరి మెట్టు కనబడక తూలాడు. గోడ పట్టుకుని ఎముకల డాక్టరు గదిలోకి వెళ్లి, కుర్చీని చేత్తో తడిమి కూర్చున్నాడు. డాక్టరు ఆ నడక చూసి, ఇలా తూలడం ఎన్నాళ్లనుంచి అని గట్టిగా అడిగాడు. కంట్లో చుక్కలని చెప్పడానికి డ్రైవరు నోరు తెరిచాడు. వెనక దగ్గు వినిపించింది. "ఇవాళ్టినుంచే" అని ఊరుకున్నాడు. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. మెడలో ఎముకల మధ్య నరం నలుగుతోందేమోనని అనుమానించి, మెడకు పట్టీ బిగించి, అర్జెంటుగా నరాల డాక్టరుకు చూపించమన్నాడు.

"పైకే వెళ్తున్నాం, చీటీ సిద్ధంగా ఉంది" అన్నారు మామగారు సంతోషంగా.

నాలుగో అంతస్తులో నరాల డాక్టరు పేరు అడిగితే డ్రైవరుకు వినబడలేదు. వేలు చూపించి ఎన్ని అంటే మూడన్నాడు. డాక్టరు నల్లద్దాలు తీయించి టార్చి కళ్లలోకి వేశాడు. వెలుగు పడగానే చిన్నవి కావలసిన కనుపాపలు ఉలకలేదు, పలకలేదు. ఆ డాక్టరు లెక్కలో దానర్థం తలలో ఏదో పెద్ద ప్రమాదం.

"కళ్లు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

మామగారు చేతిలోని చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. "అది ఇందులో లేదండీ. ఇందులో వేళ్ల తిమ్మిరి ఒక్కటే ఉంది."

డాక్టరు వెంటనే బెడ్డుకూ స్కానుకూ రాసేశాడు. గోడ గడియారంలో మూడూ పది. "నాలుగింటికి బస్సు" అన్నాడు డ్రైవరు కంగారుగా. రోగి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడని డాక్టరు ఆ కాగితం మీదే చేర్చాడు. ఇద్దరు మనుషులు చక్రాల బల్ల తెచ్చి అతన్ని పడుకోబెట్టి బెల్టు బిగించారు.

బల్ల వరండాలో దొర్లుతుంటే డ్రైవరుకు కళ్ల ముందు బురద బస్సులు వరసగా నిలబడ్డాయి. ఇక ఆగలేదు. చెవుల్లో దూది పీకి పారేసి, బెల్టు విప్పుకుని లేచి కూర్చుని, చుక్కలూ దూదీ మెట్టూ తూలడమూ, నాలుగు గంటల పరీక్షతో సహా, ఒక్క గుక్కలో చెప్పేశాడు. బల్ల వెంట వస్తున్న నరాల డాక్టరు మామగారి వైపు తిరిగాడు.

"చుక్కల మాట ముందే చెప్తే ఏం పోయేదండీ?"

"అది మొదటి అంతస్తు విషయం కదా సార్" అన్నారు మామగారు.

బెడ్డు కాగితం చిరిగింది. ఆటో దొరికింది. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలున్నాయనగా డిపోలో దిగారు.

డిపో డాక్టరమ్మ వయసు మళ్లిన మనిషి. తలనొప్పి దగ్గర్నుంచి కాలి ఆనె దాకా అన్నీ ఆవిడే చూస్తుంది. మెడ పట్టీతో, నల్లద్దాలతో వచ్చిన డ్రైవరును ఎగాదిగా చూసింది. మామగారు అందించిన చీటీలను చదవకుండానే సొరుగులో పడేసింది.

"మొత్తం చెప్పు నాయనా. అసలు ఎప్పుడు మొదలైంది?"

అందాకా ఆ మాట ఎవరూ అడగలేదు. రెండు వారాల కిందట తనకు కొత్త బస్సు ఇచ్చారని చెప్పాడు డ్రైవరు. దాని సీటు కిందికి దిగి బిగుసుకుపోయిందట. అద్దంలో వెనక రోడ్డు కనబడాలంటే రోజుకు ఎనిమిది గంటలు మెడ సాచి కూర్చోవాలట. డాక్టరమ్మ అతని మెడా భుజమూ నొక్కి, చేతులు లాగి, వేళ్లు ముడిపించి చూసింది.

"చెవిలో ఉన్నది ఉత్త గులిమి. మిగతా మూడూ మూడు జబ్బులు కావు, ఒక్కటే సీటు" అంది. సీటు పైకి లేపమని గ్యారేజీకి రాసింది. పది రోజుల్లో తిమ్మిరి తగ్గకపోతే ఆ నరాల డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లమంది. చుక్కలు వేసిన కళ్లకు పరీక్ష పెట్టడం కుదరదని మూడు రోజులు వాయిదా వేసి, అందాకా ఉద్యోగం ఎక్కడికీ పోదంది. డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ఆవిడ చూపు గోడకు ఆనుకున్న మామగారి మీద పడింది. ముఖం జేవురించి, ఇంకా రొప్పుతున్నారు. వద్దంటున్నా కూర్చోబెట్టి బీపీ చూసింది. నమ్మలేక రెండోసారి చూసింది.

"ఎన్నాళ్లనుంచి ఈ ఆయాసం? ఎవరికీ చూపించుకోలేదా?"

మామగారు తల వంచుకున్నారు. "ఆరేళ్లయిందమ్మా. ఆయాసం వచ్చినప్పుడు తల తిరుగుతుంది, తల తిరిగితే కాళ్లు వణుకుతాయి. ఇది ఏ సెక్షను కిందికి వస్తుందో తేలక పెండింగులో పెట్టాను."

డాక్టరమ్మ మాత్ర మింగించి, మర్నాడు గుండె డాక్టరును కలవమని ఉత్తరం రాసింది. అది రాస్తున్నంతసేపూ ఆయన మోకాళ్లూ, నిద్రపట్టకపోవడమూ, గుండెల్లో మంటా ఒకదాని వెంట ఒకటి చెబుతూనే ఉన్నారు. ముప్పావుగంట పట్టింది. బయట బెంచీ మీద డ్రైవరు మెడ పట్టీ విప్పుకుని హాయిగా కునుకు తీశాడు.

మూడు రోజుల తర్వాత అతను పరీక్షలో నెగ్గి స్టీరింగు పట్టుకున్నాడు. మామగారు బీపీ మాత్రలు వేసుకుంటూ, మొత్తం ఒకేసారి వినే డాక్టరు దొరికిందని తోటి రిటైరైనవాళ్లందరికీ చెప్పి వచ్చారు.

ఆ మరుసటి వారం డిపో డాక్టరు గది తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది: "ఇచ్చట డ్రైవర్లకు మాత్రమే వైద్యము చేయబడును. మామగార్లు లోనికి రారాదు."