పురానా ఛే, నయా ఏక్

ఆ రోజు పొద్దున్న లక్ష్మిప్రసన్న పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మొగుడు మర్చిపోయి వెళ్ళిన టిఫిను డబ్బా కింద షాపులో ఇచ్చి రావడం. రెండు, ఎండ ముదరకముందే సందు చివర మలయాళీ కొట్లో కరివేపాకు తెచ్చుకోవడం. చంకలో ఏడాదిన్నర రాణి, చేతిలో డబ్బా, డబ్బాలో ఉప్మా. ఇంతవరకూ ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు.

ఉమ్మ్ అల్ హస్సామ్ అనే ఆ గల్ఫ్ పేటలో ఆ మేడ కింద అబూ ఖలీల్ షాపు, పైన పనివాళ్ళ గదులు. వీసాలిచ్చి తెచ్చుకున్న యజమాని గనక పనివాళ్ళు అతన్ని కఫీలు అంటారు. పనివాళ్ళలో ఒకడు సోమరాజు. పెళ్ళాన్నీ పిల్లనీ తెచ్చుకుని నాలుగు నెలలు కూడా కాలేదు. పిల్ల పుట్టినప్పుడు అతను ఇక్కడే ఉన్నాడు. అందుకని రాణి మొదట్లో తండ్రిని చూస్తే కెవ్వుమనేది, ఎవరో మీసాలాయన వచ్చి తమ గదిలో పడుకుంటున్నాడని. ఈ మధ్యనే ఆ మీసాలు పట్టుకుని లాగడం నేర్చింది. సోమరాజుకి పని ఉంటే వీసా, వీసా ఉంటే ముగ్గురూ ఒక కప్పు కింద. ఈ లెక్క లక్ష్మిప్రసన్నకి నిద్రలో కూడా గుర్తుండేది. ఇదంతా ఎవరో వచ్చి లాక్కుపోతారని ఆమెకి ఒకటే బెంగ. ఎవరొస్తారో తెలియక రోజుకొకర్ని అనుమానించేది.

అబూ ఖలీల్ షాపులో గోల్ఫ్ బళ్ళు బాగుచేస్తారు. బంతి వెనక నడిచే ఓపిక లేనివాళ్ళు ఎక్కి తిరిగే చిన్న బళ్ళవి. ఒక్కో బండి సీటు కింద ఆరు సీసం బ్యాటరీలు ఉంటాయి. ఎత్తితే నడుం పట్టేస్తుంది. నీళ్ళు పోస్తూ ఉండాలి. చార్జింగ్ పెడితే గ్యాసు వదులుతాయి. ఊరి బయట ఒక క్లబ్బు వాళ్ళు విసిగిపోయి, ఆ ఆరూ పీకేసి బండికి ఒక్క లిథియం బ్యాటరీ పెట్టమని అబూ ఖలీల్‌కి పని అప్పజెప్పారు. ఈ సంగతి సోమరాజు పెళ్ళానికి చాలాసార్లు చెప్పాడు. కానీ అన్నం తింటూ చెప్పేవాడు. ఆ సమయానికి ఆమె రాణి నోట్లో ముద్ద కూరే పోరాటంలో ఉండేది. "ఊ" అనేది. ఆ ఊ తప్ప ఆ విషయం ఆమె దగ్గరికి చేరనే లేదు.

షాపులో పనిచేసేవాళ్ళు కూడా ఆరుగురే కావడం ఎవరి తప్పూ కాదు.

లక్ష్మిప్రసన్న వెళ్ళేసరికి సోమరాజు లారీతో క్లబ్బుకి పోయాడు. సగం దించిన షట్టరు అవతల అబూ ఖలీల్ ఫోన్లో అరుస్తున్నాడు. సామాను తెప్పించే ఏజెంటుతో అతను మాట్లాడేది గల్ఫ్ హిందీలో.

"పురానా ఛే నికాలో! ఖలాస్! చైనా సే నయా ఏక్ ఆయేగా, బస్!"

ఆమె షట్టరుకి దగ్గరగా జరిగింది. ఆమెకి బళ్ళో వచ్చిన హిందీ కొంచెం. అసలు బడే కొంచెం. అయినా పురానా అంటే పాత, ఛే అంటే ఆరు, నికాలో అంటే తీసెయ్యి.

"పురానా బహుత్ భారీ! హమేషా పానీ మాంగ్‌తా! దో గంటా చల్తా, ఫిర్ సో జాతా!"

బరువంట. ఎప్పుడూ నీళ్ళడుగుతారంట. రెండు గంటలు చేసి నిద్రపోతారంట.

"ఔర్ గ్యాస్! వల్లా, కిత్‌నా గ్యాస్ ఛోడ్‌తా!"

దాంతో ఆమెకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆ గ్యాసు ఎవరిదో ఆమెకి తెలుసు. నాలుగు నెలలుగా ఒకే గదిలో కాపురం చేస్తోంది.

ఆ మాటల్ని హిందీలోనే దాచుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. తెలుగులో మనిషికో మాట, సామానుకో మాట. పాతవి వేరు, పాతవాళ్ళు వేరు. గల్ఫ్ హిందీకి ఆ పట్టింపు లేదు. మనిషైనా, మేకైనా, బ్యాటరీ అయినా పురానా పురానాయే. లక్ష్మిప్రసన్న మెట్లెక్కుతూ ఆ మాటల్ని తెలుగు చేసుకుంది. మూడో అంతస్తు చేరేసరికి ఆరు బ్యాటరీలు ఆరుగురు మనుషులైపోయారు.

పక్కగది సత్యకుమారి అరబ్బుల ఇంట్లో పని ముగించుకుని మధ్యాహ్నం వచ్చింది. చెప్పులు విప్పనివ్వకుండానే లక్ష్మిప్రసన్న పట్టుకుంది.

"వదినగారూ, కొంప మునిగిందండీ!"

"ఏంటమ్మాయ్, పిల్లకి జొరమొచ్చిందా?"

"కాదండీ. మనాళ్ళు ఆరుగుర్నీ తీసేస్తన్నాడంటండీ కఫీలు. చైనా నుంచి ఒకణ్ణి తెస్తాడంట. ఆరుగురి పనీ ఆడొక్కడే చేసేస్తాడంట."

"ఎవురు చెప్పేరే?"

"నా చెవుల్తో ఇన్నానండీ. పాతోళ్ళు మరీ బరువన్నాడు."

సత్యకుమారి గోడకి జారబడింది. ఆమె మొగుడు బుల్లబ్బాయి మెట్లెక్కుతుంటే పైవాళ్ళకీ కిందవాళ్ళకీ కూడా తెలుస్తుంది. "ఇంకెవురే? మా ఆయన్నే అన్నాడు. ఇంకేటన్నాడు?"

"ఎప్పుడూ నీళ్ళడుగుతారన్నాడండీ."

"భీమన్న బాబాయి. షుగరు కదే పాపం, దాహమేస్తది."

"రెండు గంటలు చేసి నిద్రపోతారన్నాడు."

"అది అందరూను. ఇంకా?"

"ఇంకేం లేదండీ," అంది లక్ష్మిప్రసన్న. గ్యాసు సంగతి ఇంటి పరువు. "మీకు దణ్ణం పెడతాను, మా ఆయనకి మాత్రం చెప్పకండి. ఆయనసలే ముక్కు మీద కోపం మనిషి. పోయి కఫీలు మొహానే అడిగేస్తారు."

అడిగి ఉంటే ఆ పూటే తేలిపోయేది. అందుకే కాబోలు అడగనివ్వలేదు.

సాయంత్రానికల్లా సోమరాజుకి తప్ప అందరికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి షాపు తీరే మారిపోయింది. బుల్లబ్బాయి అన్నం మానేసి దోసకాయ ముక్కలు తినడం మొదలుపెట్టాడు. భీమన్న సీసా దాచేసి, నాలుక పిడచకట్టుకుపోతున్నా మంచినీళ్ళ వైపు చూడడం మానేశాడు. మధ్యాహ్నం ఎండవేళ అందరూ కాస్త నడుం వాల్చే గంటలో ఆరుగురిలో అయిదుగురు బొమ్మల్లా నిటారుగా కూర్చుని, ఒకరి కళ్ళు మూతపడితే ఇంకొకరు గిల్లుకునేవారు.

పని మాత్రం ఆగలేదు. బండి సీటు ఎత్తడం, పాత బ్యాటరీలు ఆరూ పీకడం, కొత్తది ఒకటి పెట్టడం. తీసిన బ్యాటరీని నేలమీద పెట్టి భీమన్న దాని వీపు నిమిరేవాడు.

"ఇన్నేండ్లు బండి గుంజితివి గదనే. గిప్పుడు తియ్యవడితివి. మన గతి గూడ గింతే బిడ్డా."

"ఊరుకో బాబాయ్," అని బుల్లబ్బాయి ఇంకో పాత బ్యాటరీని పసిపిల్లని దించినట్టు దించేవాడు. చేతుల్లో ఉన్నదేమిటో ఇద్దరికీ తెలుసు. దాన్నీ తమ భయాన్నీ కలిపి చూడాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. భయం అలాంటిది. మనిషికి ఎదురుగా ఉన్నది కనబడనివ్వదు.

పైన గదిలో లక్ష్మిప్రసన్న తన వంతు యుద్ధం తను చేస్తోంది. శనగపప్పు మానేసింది. బంగాళాదుంప గడప దాటి లోపలికి రాలేదు.

"ఏంటే, ఈ మధ్య అన్నిట్లోనూ వామే తగులుతోంది?" అన్నాడు సోమరాజు.

"ఒంటికి మంచిదండీ."

"కాఫీలో కూడానా?"

"కాఫీలో మరీ మంచిదండీ." కళ్ళలో నీళ్ళు తిరిగితే పిల్ల ముక్కు తుడుస్తున్నట్టు తల తిప్పేసుకుంది. తన ప్రేమని కూడా వాముతో కొలిచే పెళ్ళాం దొరికిందని అతను నవ్వుకుని తాగేశాడు.

అబూ ఖలీల్ చెడ్డవాడు కాడు. అరుపులే గాని మనసు మెత్తన. తన మనుషులు నీళ్ళు ముట్టకపోవడం, తినకపోవడం, దిగాలుగా ఉండడం చూసి సోమరాజుని పిలిచి అడిగాడు. సోమరాజుకీ అయోమయంగానే ఉంది. "క్యా మాలూమ్ బాబా. ఏదో ఉపవాసం అయ్యుంటుంది," అన్నాడు.

అబూ ఖలీల్ మొహం వెలిగిపోయింది. పగలంతా మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసమంటే అతనికి కొత్త కాదు. హిందువులకీ రంజాన్ లాంటిది ఒకటుందన్నమాట! పొద్దుగూకగానే తన ఇంట్లో వండించిన మచ్‌బూస్, నేతిలో మెరిసే అన్నం మీద మేక తొడ, పెద్ద పళ్ళెంలో పంపించాడు. పక్కన ఖర్జూరాలు కూడా.

పళ్ళెం చుట్టూ అయిదుగురూ కూర్చుని దాన్ని చూశారు.

"పంపే ముంగట పెట్టే బువ్వ ఇది," అన్నాడు భీమన్న. "ఇగ రేపో ఎల్లుండో టికెట్."

"నాకొద్దండీ," అన్నాడు బుల్లబ్బాయి. మేక తొడ మీద నుంచి చూపు తిప్పలేక కళ్ళు మూసుకున్నాడు. "నేను తగ్గుతున్నానండీ. ఆయనకి చెప్పండీ, తగ్గుతున్నానని."

పళ్ళెం ముట్టకుండా వెనక్కి పోయింది. అబూ ఖలీల్ ఇంట్లో ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. అతను వాళ్ళని కసిరి, తనూ నొచ్చుకుని మర్నాడు మొహం గంటుపెట్టుకుని షాపుకి వచ్చాడు. ఆ మొహం చూసొచ్చి సత్యకుమారి చెప్పింది, "అయిపోయిందే ప్రసన్నా. ఇయ్యాలే."

లక్ష్మిప్రసన్న ఇంక ఆగలేదు. రాణిని చంకనేసుకుని, వాము డబ్బా చేత్తో పట్టుకుని గబగబా దిగి అబూ ఖలీల్ బల్ల ముందు నిలబడింది. ఉన్న హిందీ అంతా కూడగట్టుకుంది.

"బాబా, పురానా నై నికాలో."

పాత బ్యాటరీల మీద ఈ అమ్మాయికి ఇంత ప్రేమేమిటా అని అబూ ఖలీల్ తలెత్తాడు. "క్యోం? పురానా ఖరాబ్."

"నై బాబా, పురానా అచ్ఛా! అబ్ పానీ నై మాంగ్‌తా."

"పానీ నై మాంగ్‌తా?" బ్యాటరీల మధ్యే జుట్టు నెరిసిన మనిషి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సోతా భీ నై. గ్యాస్ భీ బంద్."

"గ్యాస్ బంద్? కైసే?"

వాముని హిందీలో ఏమంటారో ఆమెకి తెలియదు. డబ్బా మూత తీసి ముందు పెట్టింది. "ఏ డాలా బాబా. రోజ్ దో చెంచా. గరమ్ పానీ కే సాథ్."

అబూ ఖలీల్ చిటికెడు తీసి వాసన చూశాడు. ఆరు సీసం బ్యాటరీల్లో వేడినీళ్ళతో ఇది పోస్తే గ్యాసు ఆగుతుందని అతనికి ఏ కంపెనీ వాడూ చెప్పలేదు. "ఔర్ కిత్‌నా దిన్ చలేగా?"

"బహుత్ సాల్ చలేగా బాబా! అభీ జవాన్ హై!"

ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేస్తాడని, ఇంకా పడుచువాడేనని ఆమె ఉద్దేశం. అతనికి ఆ పిల్ల మొహంలోని దీనత్వం అర్థమైంది, మిగతాది అర్థం కాలేదు. పాపం, ఇంటికి ఏ పనికో కావాలి కాబోలు. "తుమ్ కో పురానా చాహియే?"

"చాహియే బాబా! బచ్చా హై, పురానా నై తో కైసే?" అంటూ రాణిని రెండు చేతులా పైకెత్తి చూపించింది.

"ఖలాస్!" అన్నాడు అబూ ఖలీల్ ధారాళంగా. "లే జావ్. ఛే కా ఛే తుమ్హారా!"

ఆరుకి ఆరూ నీవే, తీసుకుపో.

లక్ష్మిప్రసన్న ఒక్కడుగు వెనక్కి వేసింది. మొహం ఎర్రబడిపోయింది. "నై నై బాబా! ముఝే ఏక్ బస్! బాకీ పాంచ్ కా అలగ్ బీబీ హై!"

నాకు ఒక్కరు చాలు, మిగతా అయిదుగురికీ వేరే పెళ్ళాలున్నారు.

అబూ ఖలీల్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"బ్యాటరీ కా... బీబీ?"

అంతలో బయట లారీ ఆగింది. సోమరాజు లోపలికొచ్చాడు. వెనకే, ఏమవుతుందోనని బుల్లబ్బాయి, భీమన్న, మిగతావాళ్ళు, పైనుంచి దిగొచ్చిన సత్యకుమారి. ఆమె ఏడుస్తూ తెలుగులో, కఫీలు చేతులూపుతూ హిందీలో చెరో పక్క నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో నిలబడ్డ సోమరాజుకి ఒక్కొక్క ముక్కా అతకడానికి కాస్త సమయం పట్టింది.

"ఆగాగు. పురానా అంటే ఎవరనుకున్నావే?"

"మీరేనండీ."

"నేను బ్యాటరీనా?"

"నాకేం తెలుసండీ! బరువన్నాడు, నీళ్ళన్నాడు..." ఆమె గొంతు తగ్గించింది. "గ్యాసన్నాడు."

సోమరాజు కాఫీల రహస్యం అప్పుడు తెలుసుకున్నాడు. భీమన్న పాత బ్యాటరీ మీద కూలబడి, సీసా ఎత్తి దించకుండా తాగాడు. నిన్నటి పళ్ళెంలో ఏమైనా మిగిలిందా అని బుల్లబ్బాయి కఫీల్‌ని మర్యాదగా అడిగాడు.

సోమరాజు వివరించగా విని అబూ ఖలీల్ బల్ల గుద్దుకుంటూ నవ్వాడు. "మనుషుల్ని తీసేస్తే బ్యాటరీలు నేను పీకాలా? నా నడుం చూశారా?" అని హిందీలో అన్నాడు. అందరూ నవ్వారు. లక్ష్మిప్రసన్న కూడా కళ్ళు తుడుచుకుంది. కానీ బెంగ ఉన్న మనిషి ఊరికే ఉండదు. బళ్ళన్నీ మార్చేశాక సంగతి ఆమెకి అప్పుడే తట్టింది.

"బాబా, నయా కో పానీ నై, గ్యాస్ నై. ఫిర్ ఆద్మీ కా క్యా కామ్?"

కొత్తవాటికి నీళ్ళక్కర్లేదు, గ్యాసు లేదు, మరి మనుషులతో పనేముంది? నవ్వులు ఆగిపోయాయి. అబూ ఖలీల్ నవ్వు కూడా. ఆ ఆలోచన అతనికి ఇంతవరకూ రాలేదన్నది అతని మొహంలోనే తెలుస్తోంది. గడ్డం గోక్కున్నాడు. ఆరుగురు మగాళ్ళూ ఒక్కసారిగా లక్ష్మిప్రసన్న వైపు తిరిగి చూశారు.

సోమరాజే గొంతు సవరించుకున్నాడు. మొన్న క్లబ్బులో లారీ దించుతుంటే రెండు హోటళ్ళ వాళ్ళు వచ్చి చూశారనీ, తమ బళ్ళకీ ఇలాగే పెట్టమని అడిగారనీ చెప్పాడు. కొత్త బ్యాటరీలకి పాత చార్జర్లు పనికిరావు, అవీ మార్చాలి, వైర్లూ మార్చాలి.

"హోటల్ భీ?" అబూ ఖలీల్ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మొహం విచ్చుకుంది. "యల్లా! ఛే తో కమ్ హై. నయా ఏక్ ఔర్ చాహియే!"

ఆరు సరిపోదు, కొత్తది ఇంకొకటి కావాలి.

బుల్లబ్బాయి ముందుకొచ్చి, రెండు చేతులూ కట్టుకుని, అందరి తరఫునా అడిగాడు.

"బాబా, బ్యాటరీయా, మనిషా?"

మనిషేనట. సత్యకుమారి తమ్ముడికి పాస్‌పోర్టు సిద్ధంగా ఉందని అక్కడికక్కడే ఆమె చెప్పేసింది.

ఇప్పుడు అబూ ఖలీల్ హిందీలో ఫోను మాట్లాడాల్సి వస్తే, ఎంత ఎండైనా సరే, వెళ్ళి కారులో కూర్చుని అద్దాలు బిగించుకుంటున్నాడు.