వాగు దాటిన గవర్నరు

ఏడు వాగులు ఏడు ముక్కలుగా కోసిన ఒక పెద్ద అడవిలో ముక్కకో గవర్నరు ఉండేవాడు. పైనుంచి ఎవరో పంపించే గవర్నరు కాదండోయ్! జంతువులు బారులు తీరి ఓట్లేసి గెలిపించుకున్న గవర్నరు. ఏడుగురి కన్నూ ఒకదాని మీదే. అడవి నట్టనడుమ తెల్లబండ అని ఒకటుంది. దానిమీద కూర్చున్నవాడే అడవి మొత్తానికీ ఏలిక.

తూర్పు ముక్క గవర్నరు భల్లన్న అనే ఎలుగుబంటి. అతగాడు గవర్నరైన కథ చిన్నదే. ఆ ముక్కలో ఒక పాత కట్టుబాటు ఉంది. గవర్నరు వాగు దాటి అవతల కాలుపెడితే, మళ్ళీ ఇవతలి గట్టెక్కేదాకా ఉపగవర్నరు పాదముద్రే చెల్లుతుంది. ఎర్రమట్టిలో పాదం ముంచి టేకాకు మీద వేస్తే అదే ఆజ్ఞ.

అప్పట్లో గవర్నరు ఓ ముసలి అడవిదున్న, ఉపగవర్నరు మన భల్లన్న. దున్న మేనకోడలి పెళ్ళికని వాగు దాటింది. పాపం, అక్కడ విందు ముగిసేలోపు ఇక్కడ అందరూ పూలేరుకునే తోపు మీద టేకాకు తయారైపోయింది. 'ఇప్పతోపు ఇకమీదట ప్రభుత్వ రక్షణలో ఉండును' అని. ఎన్నికలొచ్చేసరికి భల్లన్న ఇంటికో దొప్పెడు ఇప్పపూలు పంచి, తోపుని కాపాడిన వీరుణ్ణి నేనే అన్నాడు. గెలిచాడు. గెలిచిన మర్నాడే తోపు చుట్టూ ముళ్ళకంచె లేచింది.

"లోపల ఎవరున్నారండీ?" అని అడిగింది చెవులమ్మ అనే కుందేలు.

"రక్షణ జరుగుతోంది" అన్నాడు భల్లన్న లోపలినుంచి, నోరు నిండుగా.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. గడ్డి మాడిపోయింది. చెవులమ్మకి ఆరుగురు పిల్లలు. రాలిన పూలైనా ఏరుకోనివ్వండి బాబూ అని తొమ్మిదిసార్లు అర్జీ పెట్టుకుంది. తొమ్మిదిసార్లూ 'పరిశీలనలో ఉన్నది' అనే జవాబొచ్చింది. జవాబు రాసేది కార్యదర్శి ఉడుము. ముగ్గురు గవర్నర్ల దగ్గర పనిచేసి, ముగ్గురినీ వదలకుండా పట్టుకుని, ముగ్గురూ పోయినా తను మాత్రం పోని జీవి.

ఇంతలో తెల్లబండ ఎన్నికలొచ్చాయి. భల్లన్నకి నిద్ర పట్టలేదు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలివ్వాలి, అంటే వాగు దాటాలి. దాటితే ఏమవుతుందో అతగాడికి తెలిసినంత ఇంకెవడికి తెలుసు?

"కోతిని పెడదామా ఉపగవర్నరుగా?" అన్నాడు ఉడుము.

"వాడి తెలివి నాకొద్దు."

"అడవిపందిని?"

"నేను తిరిగొచ్చేసరికి తోపుండదు. నాకు నన్ను చూస్తే వణికేవాడు కావాలయ్యా!"

అలా వెతగ్గా వెతగ్గా దొరికాడు పొలుసయ్య అనే అలుగు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, ముట్టుకుంటే చాలు బంతిలా చుట్టుకుపోతాడు. చీమలు తినడానికి మూరెడు నాలుక ఉంది గానీ, మాటల దగ్గరికొచ్చేసరికి నోట్లో నాలుక లేనివాడు. "నువ్వే ఉపగవర్నరువి" అనగానే ఠపీమని చుట్టుకుపోయాడు.

"ఇదీ నాక్కావాల్సింది!" అని భల్లన్న తొడ చరుచుకున్నాడు.

వాగు దాటాడు. అవతల గట్టున సభ మీద సభ. "మా ముక్కలో ఆకలి అనే మాటే లేదు! నన్ను తెల్లబండ ఎక్కించండి, మా ఇప్పపూలు మీకూ పంచుతా!" చప్పట్లు మోగాయి. మూడో రోజున ఓ ముసలి దుప్పి లేచి, "చూపించు బాబూ, చూసే ఓటేస్తాం" అంది. ఊపులో ఉన్నాడేమో, అందర్నీ వెంటేసుకుని వాగు గట్టుకి తీసుకొచ్చి చెయ్యి చాపాడు.

"అదిగో, ఆ కంచె..."

కంచె లేదు. తోపు నిండా జంతువులే. చెవులమ్మ పిల్లలు పూలమీద దొర్లుతున్నారు.

"ఆకలి లేదన్నది నిజమేనే!" అంది దుప్పి.

ఉడుము ఈదుకుంటూ వచ్చాడు. "అయ్యా, మీరు అటు వెళ్ళగానే చెవులమ్మ వచ్చి పదో అర్జీ ఇచ్చింది. కాస్త గట్టిగా అడిగింది. పొలుసయ్య హడలిపోయి ముద్ర వేసేశాడు."

"వాడికి భయం కదయ్యా!"

"భయమేనండి. మీరంటేనే అనుకున్నాం. ఎదురుగా ఎవరుంటే వాళ్ళంటే భయమట."

"ఇంకేం ముద్రలు వేశాడు?"

"ఒక్కటేనండి. గవర్నరుని ఉంచాలా, దించాలా అని ఓటు పెట్టమని అందరూ అడిగారు, వేసేశాడు. దించితే ఉపగవర్నరే గవర్నరు. ఇందాకే ఓటుకో రాయి చొప్పున వెయ్యడం మొదలుపెట్టారు."

భల్లన్న గట్టుమీంచే గర్జించాడు. "ఒరే పొలుసయ్యా! ఆ ఓటు రద్దు చెయ్యరా!"

అవతల పొలుసయ్య గజగజలాడుతూ టేకాకు మీద పాదం వేశాడు. చెవులమ్మ వెనక్కాలితో నేల ఒక్క తన్ను తన్నింది. వెంటనే రద్దుని రద్దు చేస్తూ ఇంకో ముద్ర పడింది. భల్లన్న మళ్ళీ అరిచేలోపు పొలుసయ్య చుట్టుకుపోయాడు. పాదాలు నాలుగూ లోపలే.

ఇక లాభం లేదని భల్లన్న వాగులోకి దూకాడు. మూడు మునకలు వేసి, నాచు పట్టిన బొచ్చుతో గట్టెక్కి, ఎర్రమట్టి మీదికి పాదం ఎత్తాడు. "నేనొచ్చేశా! ఇక నా ముద్రే చెల్లుతుంది!"

"చెల్లుతుందండి, గవర్నరైతే" అన్నాడు, అతగాడికంటే ముందే ఈదొచ్చేసిన ఉడుము. అప్పటికే మట్టి దొప్పని పొలుసయ్య ముందుకి జరిపేశాడు. "లెక్క అయిపోయిందండి. ఉంచమన్న రాయి ఒకటుంది. అది నాదే. అలవాటు."

అవతల గట్టున దుప్పి తన వాళ్ళతో అంటోంది, "ఆ బంతిలా ఉన్నాయన ఎవరో కనుక్కోండి, తెల్లబండకి నిలబెడదాం."

మూడు రోజులుగా ఉపన్యాసాలే తప్ప తిండి లేదు భల్లన్నకి. ఇప్పపూల వాసన ముక్కుపుటాలకి తగిలింది. ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పూల కోసం కట్టిన బారులో చెవులమ్మ ఆఖరి పిల్ల వెనకాల నిలబడ్డాడు. వంతు వచ్చాక కొత్త గవర్నరు ముందు వంగి, అలవాటు కొద్దీ కాస్త గట్టిగానే అడిగాడు. "నాకూ ఓ దొప్పెడు..."

మాట పూర్తికాకుండానే ముద్ర పడింది.

నీతి: ఓటు వేసేముందు అభ్యర్థి ఎంత ధైర్యవంతుడో కాదు, మనల్ని చూసి ఎంత భయపడతాడో కనుక్కోండి.