ఎవరూ చెయ్యి పెట్టని తుపాకి

ఆ శనివారం పొద్దున వెర్లిన్ థోర్సన్ వేసుకున్న పథకం సాదాసీదాది. కాఫీ తాగాలి, నేలమాళిగలోని బీరువా తెరవాలి, తుపాకిని మెత్తని గుడ్డలో చుట్టాలి, పదింటికి మామగారు రాగానే ఇద్దరూ కలిసి ఫైర్ స్టేషన్ హాలుకు వెళ్లి, ఏటా జరిగే తుపాకుల ప్రదర్శనలో దాన్ని 'అసలు రూపు' బల్ల మీద పెట్టాలి. జింకల వేట సీజనుకు ఇంకా వారం ఉంది. బయట పలచగా మంచు పడింది. వెర్లిన్ మనసు హాయిగా ఉంది.

ఉత్తర విస్కాన్సిన్‌లోని ఆ ఊళ్లో మగవాళ్లు రెండు తెగలు. తుపాకి ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉండాలనేవాళ్లు ఒక తెగ. తమకు తోచినట్టు దాన్ని కోసి, బెజ్జాలు వేసి, దుర్భిణులు బిగించేవాళ్లు రెండో తెగ. వెర్లిన్ మొదటి తెగకు పెద్ద. రెండో తెగకు పెద్ద అతని బావమరిది రోల్ఫ్. ట్రక్కులో డ్రిల్లు మిషను లేకుండా అతను చర్చికైనా వెళ్లడు. ఇరవై ఏళ్లుగా ఒకరు 'కసాయి' అంటే ఇంకొకరు 'మ్యూజియం కాపలావాడు' అంటూ కాలక్షేపం చేస్తున్నారు.

అలాంటిది, మామగారు ఐనార్ పదేళ్ల కిందట తన వేట తుపాకిని కన్నకొడుక్కి కాకుండా అల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టిన షరతు ఒకటే, దాన్ని మార్చకూడదు. మార్చినట్టు తెలిసిన రోజున అది రోల్ఫ్‌కి వెళ్లిపోతుంది. వెర్లిన్ ఆ మాటను ప్రాణంగా నిలుపుకున్నాడు. తెల్ల చేతితొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోలేదు, ఒక్కసారైనా భుజానికి ఆనించలేదు. భుజానికి ఆనే మడమ కర్రకు అరచేయంత నల్లటి మరక ఉంటే, డెబ్బై ఏళ్ల చరిత్ర అంటూ వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవాడు.

బీరువా తెరిచేసరికి చరిత్ర లేదు. కర్ర తళతళా మెరుస్తోంది. కమలాపండు వాసన వేస్తోంది.

వెర్లిన్ వెంటనే భార్య లోర్నాను కేకేశాడు. ఆవిడ మెట్ల మీద నుంచే జవాబు చెప్పింది.

"నాన్న ఇన్నేళ్లకి దాన్ని చూడ్డానికొస్తుంటే ఆ మురికితో పెడతావా? నలుగురూ నన్నే అంటారు. సోఫా కాళ్లకి రాసే నూనె పోసి శుభ్రంగా గీకేశాను."

గడియారం తొమ్మిది దాటింది. వెర్లిన్ పెళ్లాం మీద అరవలేదు, అంత తీరిక లేదు. పోయిన మురికిని తిరిగి తెచ్చే పనిలో పడ్డాడు. ముందు చిక్కటి కాఫీ పూశాడు, జారిపోయింది. పొయ్యిలోని బూడిద అద్దాడు, రాలిపోయింది. చివరికి పొద్దున పంది మాంసం వేయించిన పెనంలోని కొవ్వును బూడిదలో కలిపి పట్టించాడు. అది మాత్రం అంటుకుంది. ఇంతలో కుక్క వచ్చి ఆ డెబ్బై ఏళ్ల చరిత్రను ఒక్క నాకుడులో సగం నాకేసింది.

కుక్కను మోకాలితో నెడుతూ మళ్లీ కొవ్వు రుద్దుతుండగా రోల్ఫ్ డోనట్ల డబ్బాతో దిగివచ్చాడు. చూసినచోటే నిలబడిపోయాడు.

"బావా, నువ్వు కర్రకి కొత్త రంగేస్తున్నావా?"

దొంగ మరక పెడుతున్నానని చెప్పడం కంటే రంగు వేస్తున్నానని ఒప్పుకోవడమే తక్కువ సిగ్గుచేటు అనిపించింది వెర్లిన్‌కు. షరతు సంగతి మరిచి తలూపాడు. పాపం, రోల్ఫ్‌కు కళ్లు చెమర్చాయి. దారి తప్పిన బావ ఇరవై ఏళ్లకు దారికొచ్చాడు మరి. అక్కడికక్కడే హాలుకు ఫోను చేసి, వెర్లిన్ పేరును 'మార్పులు చేసినవి' బల్లకు మార్పించాడు. ఈ శుభవేళ తన వంతుగా ఒక దుర్భిణి బిగిస్తానని డ్రిల్లు మిషను కోసం ట్రక్కుకు పరుగెత్తాడు.

పదింటికి ఐనార్ చేతికర్ర పొడుచుకుంటూ మెట్లు దిగేసరికి ఆయనకు కనిపించిన దృశ్యం ఇది. కొడుకు డ్రిల్లు మిషను పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. అల్లుడు తుపాకిని గుండెకు హత్తుకుని అదే బల్ల చుట్టూ ముందు పరుగెడుతున్నాడు. వెనక కుక్క. దాని వెనక లోర్నా.

అందరూ ఆగారు. ముసలాయన చెయ్యి చాపాడు. ఇక తుపాకి పోయిందని వెర్లిన్‌కు అర్థమైంది. దాచడానికి ఓపిక లేక, లోర్నా గీకిన సంగతీ, తను పూసిన సంగతీ అంతా చెప్పేసి దాన్ని అప్పగించాడు. ఐనార్ తుపాకి మడమను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"పంది కొవ్వు," అన్నాడు. "అచ్చం సోల్వీగ్ చేతి వాసనే. తింటూ తింటూ జింక కనబడితే చేతులు తుడుచుకోకుండానే ఎత్తేది మీ అత్తగారు. ఆ మరక అట్లా పడ్డదే."

చరిత్ర ఏమిటో అప్పుడు తెలిసింది వెర్లిన్‌కు. అయినా నీరసంగానే అన్నాడు, మార్చవద్దన్న మాట నిలబెట్టుకోలేకపోయాను మామయ్యా అని.

"మార్చొద్దన్నది మురికి గురించి కాదయ్యా. కొన్న వారానికే మడమని రెండు వేళ్ల మేర నేనే రంపంతో కోశాను. ఆవిడ చేతులు పొట్టి. ఈ ఇల్లు తిన్న మాంసమంతా ఆవిడ కొట్టిందే, నేను కాదు. ఆవిడ కొలత పోకూడదని అట్లా అన్నాను."

అసలు రూపు తెగ పెద్ద పదేళ్లుగా రంపపు కోతకు కాపలా కాశాడు. రోల్ఫ్‌కు నవ్వాలని ఉంది గాని, తండ్రి ముఖం చూసి ఆగాడు. డ్రిల్లు మిషనును మెల్లగా బల్ల కింద పెట్టేశాడు.

ఐనార్ తుపాకిని కూతురికి అందించాడు. లోర్నా గోడవైపు తిరిగి ఎత్తింది. మడమ ఆవిడ భుజంలో చక్కగా ఒదిగిపోయింది. ముసలాయన చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఇన్నాళ్లూ నీకివ్వాలని తోచలేదమ్మా. నాదే తెలివితక్కువతనం. ఇది నీది," అన్నాడు.

వెర్లిన్‌కు ఒక్క క్షణం ప్రాణం చివుక్కుమంది. మరుక్షణం భార్య నిలబడిన తీరు చూసి ఎందుకో చాలా సంతోషం కలిగింది. డోనట్లు అయిపోయేదాకా ఎవరికీ హాలు గుర్తుకు రాలేదు.

సీజను మొదటిరోజు ఏడింటికల్లా లోర్నా పెద్ద మగజింకను కొట్టింది. దాన్ని మైలున్నర దూరం ట్రక్కు దాకా ఈడ్చుకొచ్చిన బావా బావమరుదులు ఇరవై ఏళ్లలో మొదటిసారి దేని గురించీ వాదించుకోలేదు, ఊపిరి చాలలేదు.