బుల్లమ్మ మరణానికి గుర్తింపు

లోకంలో గుర్తింపు లేక అల్లాడే దేశాలు చాలా ఉన్నాయి. సొంత జెండా, సొంత పోలీసులు, సొంత తపాలా బిళ్ళ ఉన్నా పక్క దేశం పలకరించదు. సాలూరు పైన కొండ మీదున్న ఈతచెట్టువలసకు ఆ బాధ లేదు. దాన్ని రెండు రాష్ట్రాలు తమదేనని గుర్తించాయి. ఊరు ఇంకా కోలుకోలేదు.

నలభై గడపలు. రెండు జెండా కర్రలు, రెండు బడులు (ఏ బడికీ అయ్యవారు రారు, ఈ విషయంలో ఇరు రాష్ట్రాలకూ పూర్తి ఏకాభిప్రాయం). మనిషికి రెండు కార్డులు, రెండు ఓట్లు.

మొన్న వానల్లో సూరయ్య భార్య బుల్లమ్మకు కడుపునొప్పి వచ్చింది. సూరయ్య రెండు రాష్ట్రాలకూ ఫోన్ చేశాడు. ఇటు అంబులెన్సు వాగు దగ్గర ఆగింది, దాటితే అవతలి రాష్ట్రం అభ్యంతరం చెబుతుందని. అటు అంబులెన్సు కొండ మలుపులో ఆగింది, అదే కారణానికి. మధ్య దూరం మూడు కిలోమీటర్లు. బుల్లమ్మ ఆ మధ్యలో, ఇంట్లో మంచం మీదే చచ్చిపోయింది.

సూరయ్యకు ఒక్క కాగితం కావాలి. ఆమె పోయిందనీ, ఫలానా తేదీననీ. చదివింది అయిదో తరగతే అయినా, రాయనిది జరగనట్టే లెక్కని అతనికి తెలుసు.

ఇటు గ్రామ సచివాలయంలో కార్యదర్శి ఉమాశంకర్ కుర్చీ వేశాడు.

“కూకో మావా. అత్త సచ్చిపోయినాదని రాసీసినామనుకో, మన జనంలో ఒకరు తగ్గిపోతారు. ఆల్ల కాయితంలో బతికే ఉంటాది. రేపు కోర్టులో తలకాయలు లెక్కెడితే ఏటవుతాది?”

“ఏటవుతాది?”

“ఊరు పోతాది. ముందు ఆల్లని సంపమను. మర్నాడే నేనూ సంపెస్తాను.”

కొండకు అటువైపు ఆఫీసులో అధికారి మహాపాత్రో టీ ఇప్పించాడు. “నాహీఁ మవుసా, కుదరదు. ముందు అటువాళ్ళు సంతకం పెట్టాలి” అన్నాడు.

మూడు నెలలకు ఉమ్మడి మరణ నిర్ధారణ సంఘం ఏర్పడింది. ఇద్దరూ ఒకే నిమిషంలో సంతకం చేయాలని తీర్మానం. రెండు జీపులు సూరయ్య వాకిట్లోకి వచ్చి ఆగాయి.

సూరయ్య జీపుల టైర్ల వంక చూశాడు.

“ఆ రోజు దాటనోల్లు, ఇయాల ఎలాగొచ్చినారు బాబూ?”

“ఇది సమావేశం మావా” అన్నాడు ఉమాశంకర్.

ఫారం తెరిచారు. మరణించిన స్థలం: రాష్ట్రం పేరు. ఇద్దరి పెన్నులూ ఆగాయి.

“మా ఇంట్లో సచ్చిపోయినాది. ఇల్లని రాసీండి.”

ఉమాశంకర్ సానుభూతిగా తల ఊపాడు. “ఇంటికి గుర్తింపు లేదు మావా.”

సమావేశం వాయిదా పడింది. వచ్చిన పని ఉత్తినే పోకూడదని ఇద్దరూ చెరో ఓటరు చీటీ ఇచ్చి వెళ్ళారు, బుల్లమ్మ పేరు మీద. ఆమె ప్రస్తుతం రెండు రాష్ట్రాల్లోనూ క్షేమంగా ఉంది. చచ్చిపోయింది ఒక్క ఇంట్లోనే.